ఆ పాటే ఎందుకు?

ఏం వింటున్నామో ఫోను చెప్పేస్తోంది. ఎందుకు వింటున్నామో మనమే చెప్పాలి. సన్నాయి నుంచి స్టేటస్ దాకా, అద్దంకి చుట్టుపక్కల పాట చేతులు మారిన కథ.

అద్దంకిలో పొద్దు పొడవకముందే మైకులో ఘంటసాల భగవద్గీత వినపడితే దాన్ని ఎవరూ పాటగా వినరు. పాలు పోయించుకుంటున్న ఇల్లాలు గిన్నె పక్కన పెట్టి గుమ్మంలోకి వస్తుంది. "ఎవరు పోయార్రా?" అని అరుగు మీది పెద్దాయన దారినపోయే కుర్రాణ్ణి అడుగుతాడు. ఫలానా బజారులో ఫలానా ఆయన, రాత్రి రెండింటప్పుడంట. అక్కడితో ఆ పూట పనుల లెక్క మారిపోతుంది. చేలోకి బయలుదేరినవాళ్లు ఆగుతారు, దూరపు చుట్టాలకు ఫోన్లు వెళతాయి.

ఘంటసాల ఆ గీతను తన చివరి రోజుల్లో పాడారు. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయాక ఆ రికార్డు ఇంటింటికీ చేరింది. బతికున్నవాళ్ల కోసం, బతుకులో నిలబడడం కోసం పాడిన పాట అది. యాభై ఏళ్లలో మన ఊళ్లు దానికి చావు కబురు మోసే పని అప్పజెప్పాయి. ఇప్పుడు ఎవరైనా ఇష్టంకొద్దీ ఇంట్లో పెట్టుకుంటే "పొద్దున్నే ఆ పాటేంది, ఆపు నాయనా" అంటారు. గీత అంటే ప్రాణం పెట్టే మనిషి కూడా చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుని చాటుగా వినాల్సి వస్తోంది. నాకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది. ఫలానా పాట ఫలానా సందర్భానికేనని ఊరంతా కలిసి తేల్చేశాక, అదే పాటకు ఒక్క మనిషి దగ్గర ఇంకో కారణం ఉండొచ్చన్న సంగతి ఎవరికీ తట్టదు.

ఆ ఇంకో కారణం వినాలనే ఈ వారం ఈ సంగతి ఎత్తుకున్నాను.

వన్స్‌మోర్ అన్న ఊళ్లు

అద్దంకికి చెవి ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. క్రీ.శ. 848 నాటి పండరంగని శాసనం ఇక్కడిదే. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడి గెలుపును రాతి మీద చెక్కించినప్పుడు అందులో పద్యం వాడారు. అది తరువోజ. దంపుళ్ల పాటల నడకకు ఈ ఛందస్సు దగ్గరిదని పండితులు చెబుతారు. సేనాని గెలుపు చెప్పడానికి వడ్లు దంచే ఆడవాళ్ల నోటి నడక పనికొచ్చిందన్నమాట. మరో ఐదు వందల ఏళ్లకు ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా ఏలాడు. ఎర్రన చేత రామాయణం, హరివంశం చెప్పించుకున్నాడు. ఆ రామాయణం మనకు దక్కలేదు. హరివంశం దక్కింది. నాకు ఇది వినాలని ఉందని పెద్దవాళ్లు కోరుకుంటే కావ్యాలు పుట్టిన కాలం అది.

సామాన్యుడికి ఆ కోరే హక్కు నాటకం పందిట్లో వచ్చింది. తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్యహరిశ్చంద్ర నాటకం ఈ మెట్ట ఊళ్లలో ఆడని తిరునాళ్ల లేదు. రాయబారం సీనులో కృష్ణుడు పద్యం ఎత్తి, రాగం సాగదీసి వదిలాడంటే పందిరి వెనక నుంచి "వన్స్‌మోర్" అని కేక. డబ్బున్నవాడు ముందు వరసలో కూర్చోవచ్చు గానీ, కేక ఎక్కడి నుంచి వచ్చినా నటుడు మళ్లీ పాడాల్సిందే. హార్మోనియం ఆయన మెట్లు మళ్లీ పట్టాల్సిందే. వినేవాడి ఇష్టం నాటకాన్నే మార్చేసిన సంగతి ఒకటి చెప్పాలి. హరిశ్చంద్ర కాటిసీనులో ఇవాళ జనం ఎదురుచూసే పద్యాలు బలిజేపల్లి వారి నాటకంలో లేవు. అవి వినుకొండ గడ్డ మీద పుట్టిన గుర్రం జాషువావి. నటులు వాటిని తెచ్చి సీనులో కలిపారు, జనం వదల్లేదు. తర్వాత డి.వి.సుబ్బారావు గొంతులో ఆ సీను రికార్డులకెక్కి, నాటకం చూడని ఇళ్లలోకి కూడా వెళ్లింది. అంటరానితనాన్ని అనుభవించిన కవి శ్మశానం గురించి రాసిన పద్యాలను అన్ని కులాలవాళ్లూ అర్ధరాత్రి మేలుకుని మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. ఎందుకు పాడించుకున్నారని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. చాలామంది చెప్పేది మాత్రం ఆ పద్యం దగ్గర తమవాళ్లెవరో గుర్తొచ్చారని.

పదిహేను పైసల కార్డు

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. వివిధభారతి 1957 అక్టోబరు 3న వచ్చింది. సముద్రం అవతల సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదొరై తెలుగు పాటలు వినిపించేవారు. ఈ మూడింటి మధ్యా మన ప్రాంతం చెవి పెరిగింది. తెల్లవారితే బాలాంత్రపు రజనీకాంతరావు తీర్చిదిద్దిన భక్తిరంజని, మధ్యాహ్నం కోరిన పాటలు, రాత్రయితే నాటకం.

రేడియో విన్నచోటు గురించి పట్నంవాళ్లు రాసినప్పుడు డ్రాయింగు రూము వస్తుంది. ఇక్కడ రేడియో పొగాకు బ్యారన్ దగ్గర మోగింది. వర్జీనియా ఆకు కట్టలు లోపల వేలాడదీసి, రోజుల తరబడి మంట ఆరకుండా, వేడి అదుపు తప్పకుండా కాయాలి. వేడి ఎక్కువైతే ఆకు మాడుతుంది, తక్కువైతే రంగు తిరగదు. థర్మామీటరు చూసే మనిషికి రాత్రంతా నిద్ర ఉండకూడదు. మిరపకాయల కల్లంలో కావలి పడుకునేవాళ్లదీ అదే పరిస్థితి. వాళ్లను మేలుకొల్పి ఉంచింది ట్రాన్సిస్టరు. రాత్రి పది దాటాక వివిధభారతిలో ఛాయాగీత్ వచ్చేది. అనౌన్సరు ఒక భావం అనుకుని, దానికి తగ్గ పాటలు ఏరి, మధ్యలో నాలుగు మాటలు చెబుతూ వినిపించే కార్యక్రమం. హిందీ ఒక్క ముక్క రాని పాలేర్లు కూడా తలత్ మహమూద్ గొంతు గుర్తుపట్టేవారు. అర్థం కాని పాట ఎందుకు విన్నావని వాళ్లను అడిగితే, ఆ వేళప్పుడు తోడు మాట్లాడే గొంతు అదొక్కటేనని చెబుతారు. ఇంతకంటే నిక్కమైన కారణం సంగీత విమర్శలో నేనెక్కడా చదవలేదు.

ఇక కోరిన పాటలు. పదిహేను పైసల పోస్టుకార్డు మీద సినిమా పేరు, పాట, కింద పేర్ల వరస. అద్దంకి నుంచి ఫలానా, ఫలానా, వారి మిత్రబృందం. రేడియోలో తన పేరు వచ్చేదాకా పాట మీద ఎవరికీ ధ్యాస ఉండేది కాదు. పేరు వచ్చాక సైకిలెక్కి ఊరంతా తిరగడం. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. అనౌన్సరు పేర్లు చదివేవారు, కారణం చదివేవారు కాదు. కారణం చెప్పాల్సిన పని లేదు. ఆ పాట ఎవరికి చేరాలో వాళ్లకు చేరేది. పక్క బజారులో వంటింట్లో ఉన్న ఒక అమ్మాయికి ఆ పేరు, ఆ పాట, ఆ పూట చాలు. ఆ అమ్మాయి మాత్రం తన పేరుతో కార్డు రాయలేదు. ఆడపిల్ల పేరు రేడియోలో చదివారంటే ఇంట్లో రాద్ధాంతం. రేడియో మర తిప్పే చెయ్యి కూడా చాలా ఇళ్లలో మగవాడిదే. మనం మురిసిపోయే ఆ రోజుల్లో సగం ఊరు ఏం వినాలనుకుందో ఎక్కడా నమోదు కాలేదు. నా దృష్టిలో ఆ కాలపు పెద్ద లోటు అదే.

కారణం చెప్పించిన కార్యక్రమం జనరంజని. సినిమా నటులు, గాయకులు, రచయితలు వచ్చి తమకిష్టమైన పాటలు వినిపిస్తూ, అవి ఎందుకిష్టమో చెప్పేవారు. 1942లో రాయ్ ప్లామ్లీ బీబీసీలో ఇలాంటిదే ఒకటి మొదలుపెట్టాడు. ఒంటరిగా ఒక దీవిలో చిక్కుకుంటే వెంట ఏ ఎనిమిది రికార్డులు ఉంచుకుంటావని పేరున్నవాళ్లను అడగడం. ఆ కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది. జనరంజనిలో దీవి లేదు, ఎదురుగా జనమే. అందుకే నాకు ఇది దగ్గరగా అనిపిస్తుంది. తెర మీద ఆకాశమంత ఉన్న మనిషి మామూలు గొంతుతో తన చిన్నప్పటి ఊరి సంగతి ఒకటి చెప్పి, ఆ తర్వాత పాట వేయించేవారు. అదే పాట అంతకుముందు వందసార్లు విన్నదే. ఆ మాటల తర్వాత కొత్తగా వినపడేది. పాట ఎక్కడా మారలేదు. వినేవాడికి పట్టుకోవడానికి ఒక కొస దొరికింది.

లిస్టు రాసిచ్చిన చేతులు

క్యాసెట్ వచ్చాక ఈ పని బజారు సెంటర్లోని రికార్డింగు షాపులకు మారింది. నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద పాటల లిస్టు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్ కొనిచ్చి, రెండు రోజులాగి వెళితే చేతికి వచ్చేది. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఎన్ని పట్టాలో, ఏ పాట తర్వాత ఏది రావాలో, ఎ వైపు చివర్లో ఏది పడాలో అని కుర్రాళ్లు రోజుల తరబడి తర్జనభర్జన పడేవారు. ఇళయరాజా పాటలు ఒక వైపు, చక్రవర్తి పాటలు ఒక వైపు. పెళ్లి కుదిరినవాడి లిస్టు, ప్రేమ చెడినవాడి లిస్టు షాపువాడికి చూడగానే తెలిసిపోయేవి. ఊళ్లో ఎవరి మనసులో ఏముందో డాక్టరు కంటే, పూజారి కంటే ఎక్కువ తెలిసిన మనిషి అతనే. అతను ఎవరికీ చెప్పలేదు. ఆ షాపుల్లో ఇప్పుడు సెల్‌ఫోన్లకు గ్లాసులు అతికిస్తున్నారు. ఆ లిస్టు కాగితాలు ఎవరైనా దాచి ఉంటే బాగుండేదని నాకు మనసులో పీకుతూనే ఉంటుంది.

లారీలు ఇంకో దారి. మేదరమెట్ల నుంచి అద్దంకి మీదుగా నార్కట్‌పల్లి వెళ్లే రోడ్డు మీద రాత్రిళ్లు నడిచే బళ్లలో క్యాసెట్ల పెట్టె లేని క్యాబిను ఉండేది కాదు. డ్రైవరు వేసిన పాట క్లీనరు నేర్చుకుంటాడు. ఆ క్లీనరు రేపు డ్రైవరై తన క్లీనరుకు అదే పాట వేస్తాడు. బడి లేని చదువు అది.

1979లో సోనీ కంపెనీ మొదటి వాక్‌మన్ తెచ్చినప్పుడు దానికి ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రాలు రెండు ఉండేవి. ఒక్కడే చెవులు మూసుకుని పాట వింటూ కూర్చోవడం పక్కవాడికి మర్యాదగా ఉండదని కంపెనీ పెద్ద అకియో మొరిటా అనుకున్నాడు. పాట మధ్యలో ఇద్దరూ మాట్లాడుకోవడానికి ఒక బటన్ కూడా పెట్టారు. అది నొక్కితే పాట తగ్గి మాట వినపడుతుంది. తర్వాతి మోడళ్లలో రెండో రంధ్రం పోయింది, బటనూ పోయింది. ఒంటరిగా వినడం అలవాటైంది. ఇప్పుడు ఒంగోలు బస్సులో కాలేజీ పిల్లలు ఒకే ఇయర్‌ఫోను తీగను చెరో చెవికి పెట్టుకుని కూర్చోవడం చూసినప్పుడల్లా, మొరిటా పెట్టిన రెండో రంధ్రాన్ని వీళ్లు తమంతట తామే తిరిగి కనిపెట్టారనిపిస్తుంది.

మిరప సాళ్లలో

మాఘమాసం దాటితే మిరప కోతలు ముమ్మరం. ఆటోల్లో, ట్రాక్టర్లలో కూలీలు దిగుతారు. కర్నూలు వైపు నుంచి వలస వచ్చినవాళ్లు చేల గట్ల మీదే గుడారాలు వేసుకుంటారు. ఒకప్పుడు ఈ సాళ్లలో పాట నోటితో పుట్టేది. ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవారు. ఇప్పుడు బొడ్లో దోపుకున్న ఫోన్లోంచి పాట వస్తోంది. దీన్ని చూసి నోటి పాట చచ్చిపోయిందని కొందరు ఏడుస్తారు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఫోను ఎవరిదైతే పాట ఎంపిక వాళ్లది. రేడియో మర ఎన్నడూ ముట్టుకోని అమ్మమ్మ మనవరాలు ఇవాళ చేలో నిలబడి తనకు కావలసిన పాట తనే పెట్టుకుంటోంది. "అది తియ్యవే, ఆ పాత పాట పెట్టు" అని పక్క సాలులో అత్త అరుస్తుంది. "ఎందుకత్తా అదే అడుగుతావు రోజూ?" అని కోడలు వరసైన పిల్ల అడుగుతుంది. అత్త చెప్పడం మొదలుపెడుతుంది. తలవంచి కాయలు కోస్తూ, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా చెప్పుకునే మాటలు చాలా లోతుగా ఉంటాయి. ఎదురెదురుగా కూర్చుని అడిగితే ఆ మాటలు రావు.

వాళ్లలో క్రైస్తవ పల్లెల పెద్దవాళ్లుంటే పురుషోత్తమ చౌదరి కీర్తన ఒకటి ఫోను లేకుండానే వస్తుంది. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరంగా మన గుండ్లకమ్మ ఏట్లోనే, మిషనరీ క్లౌ దొర కాలంలో, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అక్షరం రానివాళ్లు ఎక్కువ. పుస్తకం చదవలేరు కాబట్టి పాట వాళ్లకు పుస్తకమైంది. ఆ పాట ఎందుకు పాడతావంటే "మా జేజమ్మ నేర్పింది" అంటారు. ఆ రెండు మాటల వెనక నాలుగైదు తరాల బతుకుంది.

అద్దంకి పక్కనే ఉన్న శింగరకొండ తిరునాళ్లలో ఇంకో తీరు. ఫాల్గుణ మాసంలో ఊరూరా కట్టిన విద్యుత్ ప్రభలు కొండ దగ్గరకు చేరితే, గుడి మైకులో ఎం.ఎస్.రామారావు సుందరకాండ, ఒక ప్రభ మీద సినిమా పాట, పక్క ప్రభ మీద డీజే మోత. ఎవడి పాట ఎవడికీ వినపడదు. ఏ ఊరి ప్రభ పెద్దదో తేల్చుకునే పోటీలో పాట కూడా ఆయుధమైపోయింది. గుండెలదిరే ఆ శబ్దానికి మా ఊరి పరువు అనే ఒక్క కారణం తప్ప ఇంకోటి కనపడదు నాకు. ప్రభ కట్టే పనితనం చూడముచ్చటగా ఉంటుంది. ఆ పనితనానికి ఈ మోత తగదు.

స్టేటస్‌లో మిగిలింది

పొద్దున లేచి వాట్సాప్ స్టేటస్‌లు తిప్పితే ఊరు ఊరంతా ఏం వింటుందో తెలిసిపోతుంది. పాటలో చిన్న ముక్క, మీద గులాబీ బొమ్మ. ఏడాది చివర యాప్‌లు కూడా నువ్వు ఎవరిని ఎన్ని నిమిషాలు విన్నావో లెక్కగట్టి చేతికిస్తాయి. ఆ నిమిషాల్లో కారణం ఉండదు. పరీక్ష పోయిన రోజు విన్న పాటా, జిమ్‌లో అలవాటుగా మోగిన పాటా యాప్‌కు ఒక్కటే.

అందరూ ఒకేసారి కారణం చెప్పిన రోజు ఒకటుంది. 2020 సెప్టెంబరు 25. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం పోయారు. కరోనా కాలం, కలిసి కూర్చుని ఏడ్చే వీలు లేదు. ఆ సాయంత్రం తెలుగువాళ్ల ఫోన్ల నిండా ఆయన పాటలే. పాటల కింద వాక్యాలూ ఉన్నాయి. ఇది మా నాన్న బండి మీద వెళుతూ పాడేవాడు. ఇది మా ఆయన నాకు మొదటిసారి వినిపించింది. ఇది మా అన్న దుబాయి వెళ్లే ముందు రాత్రి విన్నది. ఏళ్ల తరబడి గుడ్‌మార్నింగు బొమ్మలు తప్ప ఒక్క మాట రాయని మనుషులు రాశారు. 'పాడుతా తీయగా'లో బాలు ఏళ్లకేళ్లు చేసిన పని అదే. పిల్లలు పాడగానే మార్కులేసి ఊరుకోకుండా, ఆ పాట ఎలా పుట్టింది, ఎవరు ఎక్కడ ఎలా రాశారు, తాను ఏ మాట దగ్గర తడబడ్డాడు అని చెప్పుకుంటూ పోయేవారు. ఆయన దగ్గర విని నేర్చుకున్నది జనం ఆయన కోసమే వాడారు.

నా వంతు

అందరినీ అడుగుతూ నేను చెప్పకపోతే న్యాయం కాదు. ఈ మధ్య నేను వింటున్నది షేక్ చిన మౌలానా నాగస్వరం. ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టారు. చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్నారు. అక్కడికే ఈ చుట్టుపక్కల పేరు సంపాదించుకోవడానికి సరిపోయే విద్య అబ్బింది. ఆయన ఆగలేదు. తంజావూరు వైపు రాజరత్నం పిళ్లై వాయించే తీరు ఆయన్ను పట్టి లాగింది. ఆ బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ వెళ్లి, రాజం, దురైకన్ను సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారు. తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి వచ్చాయి. 1999లో కన్నుమూశారు. మనవలు కాసిం, బాబు ఇవాళ ఆయన దారిలో వాయిస్తున్నారు. ఈ నేల నాగస్వర కుటుంబాల్లో ముస్లిములవి చాలా ఉన్నాయి. కోవెలలో స్వామి లేచేది, ఊళ్లో పెళ్లికూతురు పీటల మీదికి వచ్చేది వాళ్ల సన్నాయితోనే. 2020 పద్మశ్రీకి ఎంపికైన కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులదీ అలాంటి వారసత్వమే.

నేను ఆయన్ను వింటున్నది ఈ గౌరవాల కోసం కాదు. ఆలాపనలో ఒక చోట ఆయన పైస్థాయిలో ఒక స్వరం మీద నిలబడతారు. తొందర లేదు, గొప్ప చూపించే ఆత్రం లేదు. పేరొచ్చిన తర్వాత కూడా ఇంకొకరి వాద్యం విని, నాకు అది కావాలి అని చెప్పగలిగిన మనిషి ఊపిరి అది. వయసు పెరిగేకొద్దీ నాకు కొత్తగా ఏదీ నచ్చడం లేదని ఒక భయం పట్టుకుంది. ఆ భయం ఉన్న రోజుల్లో ఈ నాగస్వరం వింటున్నాను.

ఇదే సంగతి రాసి, ఆ ఆలాపన లంకెను ఒంగోలులో ఉన్న మా బావకు పంపాను. మా ఇద్దరి మధ్య చాలా కాలంగా పొలం ధరలు, మందుల చీటీలు తప్ప వేరే మాట లేదు. ఆయన దగ్గర నుంచి రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు డి.వి.సుబ్బారావు కాటిసీను పంపి, కింద రాశారు: "ఇది మా నాయన బ్యారన్ దగ్గర టేప్‌రికార్డర్లో పెట్టుకునేవాడు. నేను ఆపమని పోట్లాడేవాణ్ణి. ఇప్పుడు మా వాడు నన్ను ఆపమంటున్నాడు. ఆదివారం రా, మన ముగ్గురం కూర్చుని విందాం. వాడు వినేది కూడా పెట్టమంటాను."

వెళుతున్నాను. ఆ కుర్రాడు ఏం వింటాడో నాకు తెలియదు. ఎందుకు వింటాడో మాత్రం అడగాలనుకుంటున్నాను.